మూడు నెలలు ఆలస్యంగా ఎక్కిన కొండ

మా అపార్ట్‌మెంటు లిఫ్టు మీద నాకు కోపమేమీ లేదు. అది కూడా మనలాగే రిటైరయింది, అంతే. వానలు మొదలైన దగ్గర్నుంచీ నెలలో సగం రోజులు దాని తలుపుకి ‘ఖరాబ్ హై’ అన్న అట్టముక్క వేలాడుతుంది, మిగతా సగం రోజులు అట్టముక్క తీసేస్తారు గాని లిఫ్టు కదలదు. బిలాస్‌పూర్ శివారు మోప్కాలో మూడో అంతస్తయితే గాలి బాగా వస్తుందని ఈ ఫ్లాటు అమ్మినవాడు చెప్పాడే తప్ప, ఆ గాలి దాకా చేరడానికి ఎంత ఊపిరి ఖర్చవుతుందో చెప్పలేదు. మొన్న కూరల సంచీతో ఎక్కుతూ రెండో అంతస్తు మెట్ల మీద కూలబడి, సొరకాయని పక్కన కూర్చోబెట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ ఉంటే, మా మనవరాలు కింద నుంచి రెండేసి మెట్లు దూకుతూ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద, మోచేతుల మీద ముళ్ళ గీతలు, మొహంలో మాత్రం పెళ్ళికళ. నాగపంచమి కదా, కాలేజీ స్నేహితులతో కలిసి దల్హా పహాడ్ అనే కొండ ఎక్కి వస్తోందట. వానకి తడిసిన బండలూ, తలలు తప్ప ఇంకేమీ కనిపించనంత జనమూ, మబ్బులో మునిగిన శిఖరమూ ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి చూపించింది.

నేనూ ఎక్కానే దాన్ని అన్నాను. అది నన్నూ, నా పక్కనున్న సొరకాయనీ మార్చి మార్చి చూసి, “అచ్ఛా?” అంది. ఆ ‘అచ్ఛా’లోని అపనమ్మకానికి జవాబుగానే ఇదంతా రాస్తున్నాను.

మేము బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉండే రోజులు. మా నాన్న గూడ్సు గార్డు. తాతయ్య పోయాక శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి మా నాయనమ్మని తీసుకొచ్చి మా దగ్గర ఉంచుకున్నారు. ఆవిడకి ఇక్కడ తిండి నచ్చింది, నీళ్ళు నచ్చాయి, నేను కొంచెం ఎక్కువే నచ్చాను. ఊరు మాత్రం నచ్చలేదు. వాళ్ళ ఊళ్ళో పెరటి తలుపు తీస్తే ఎదురుగా కొండ. ఇక్కడ ఎటు చూసినా బల్లపరుపుగా వరిచేలు, మధ్యలో రైలు పట్టాలు. అర్పా నది చూపిస్తే ఎండిన ఇసకని కాసేపు పరీక్షగా చూసి, “ఏటిది, ఏరెక్కడ?” అంది. తలెత్తి చూడ్డానికి ఒక్క కొండా లేని దేశంలో తాను ఉండలేననీ, నాగులచవితి వెళ్ళగానే తన ఊరు పోతాననీ తేల్చి చెప్పేసింది. ట్రంకుపెట్టె సర్దేసింది కూడా. నాన్న ఆవిడ ప్రయాణానికి రైల్వే పాసు రాయించి చొక్కా జేబులో పెట్టుకుని, అది బయటికి తీసే రోజు రాకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ తిరిగేవారు. నేను మొక్కలేదు గాని, రాత్రిపూట ఆవిడ చీరకొంగు చేతికి చుట్టుకుని పడుకునేవాణ్ణి. పారిపోతే తెలియాలి కదా.

అటువంటి సమయంలో నాన్నతో డ్యూటీ చేసే, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ ఒకాయన, ఛత్తీస్‌గఢీ మనిషి, ఒక మాట చెప్పాడు. అకల్‌తరా దగ్గర దల్హా అని పెద్ద కొండ ఉందనీ, నాగదేవత పండగ రోజున ఈ చుట్టుపక్కల జనమంతా దాన్ని ఎక్కుతారనీ, కింద మేలా, అంటే తిరనాళ్ళు, జరుగుతుందనీ, అక్కడి కుండంలో నీళ్ళు తాగితే ఏడాదంతా ఒంటికి నలత రాదనీ. కొండా, నాగదేవతా ఒకే చోట! నాన్న ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన తీరు చూసి ప్రమోషను వచ్చిందనుకుంది అమ్మ.

చవితికి సెలవు దొరికింది. తెల్లవారుతూనే చెంబుతో పాలు, చలిమిడి, చిమ్మిలి, దీపావళి నాడు కాల్చకుండా మిగిల్చిన టపాకాయలు, ఇవన్నీ పట్టుకుని ప్యాసింజరు ఎక్కి అకల్‌తరాలో దిగాం. అక్కణ్ణుంచి ఎడ్లబండి. కోతకొచ్చిన వరిచేల మీద మంచు విడిపోతూ ఉండగా, ఉన్నట్టుండి ఎదురుగా లేచి నిలబడింది కొండ. చుట్టూ ఇంకేమీ లేని నేలలో, ఎవరో మరిచిపోయి వదిలేసి వెళ్ళినట్టు, ఒంటరిగా. నాయనమ్మ తల పైకెత్తింది. ఎత్తి, దించలేదు.

కొండ కిందికి చేరితే మేలా లేదు. కొట్లు లేవు, జనం లేరు, కాకి కూడా తీరిగ్గా ఉంది. బహుశా మనమే ముందొచ్చామన్నారు నాన్న. గార్డులకి రైలు ఆలస్యమవడం అలవాటే గనక ఇంకాసేపు చూద్దామన్నారు. నేను ఊరుకోలేక ఒక టపాకాయ వెలిగించాను. ఆ చప్పుడుకి పొదల్లోంచి మేకలూ, మేకల వెనకాల ఒక ముసలాయనా బయటికొచ్చారు. నాన్న తనకొచ్చిన హిందీలో మేలా ఎప్పుడు మొదలవుతుందని అడిగారు. ఆయన మా చెంబునీ, మా మొహాలనీ జాలిగా చూసి, “మేలా తో సావన్ మ హోగే, బాబూ” అన్నాడు. శ్రావణంలోనే అయిపోయిందట. వీళ్ళకి నాగుల పండగ శ్రావణ పంచమి, మనకి కార్తీక చవితి. నిమిషం తేడా వస్తే రిజిస్టరులో సంజాయిషీ రాసే మా నాన్న, పండగకి మూడు నెలలు లేటుగా కుటుంబాన్ని మొత్తం తీసుకొచ్చారు.

అమ్మ నాన్న వైపు చూడకపోవడమే ఒక మాటలా ఉంది. నాన్న చెయ్యి తనకు తెలియకుండానే పాసున్న జేబు మీదికి వెళ్ళింది. నాకు ఏడుపు రాబోతోంది. అప్పుడు నాయనమ్మ చీర కుచ్చిళ్ళు పైకెత్తి బొడ్డులో దోపుకుంది.

“కొండని చూద్దామని వొచ్చాం. జనాన్ని చూద్దామనేటి? పదండర్రా.”

ఇక చూడాలి. నాన్న అలవాటు కొద్దీ ఈల తెచ్చుకున్నారు. అమ్మ ముందు, మధ్యలో నేను, చివర ఆయన, ఈల వేస్తే నడవాలి, మళ్ళీ వేస్తే ఆగాలి. నాయనమ్మ ఏ సిగ్నలునీ లెక్కచెయ్యకుండా అమ్మని దాటి వెళ్ళిపోయింది. బండల సందుల్లో దారి, రెండు పక్కలా ముళ్ళు, చేతులతో పాకే చోట్లు, పట్టుకున్న కొమ్మ పట్టుకున్నట్టే చేతిలోకి వచ్చేసే చోట్లు. నా జీవితంలో మొదటిసారి ఒక గద్దని పై నుంచి చూశాను. వెనకాల నాన్న ఈల వేస్తూనే ఉన్నారు గాని, కొంతసేపటికి అది ఆజ్ఞో, ఆయాసమో తెలియడం మానేసింది.

పైన గాలి! చొక్కా ఎగిరిపోతుందేమోనన్నంత గాలి. కింద పచ్చబంగారంలా చేలు, అద్దం ముక్కల్లా చెరువులు, దూరంగా సన్నటి గీతలా మా రైలు మార్గం. నేను అరిచాను, గెంతాను, మిగిలిన టపాకాయలన్నీ కాల్చేశాను. నాయనమ్మ ఒక పుట్ట వెతికి పట్టుకుని పాలు పోసి, చిమ్మిలి పెట్టి, ఒక బండ మీద కూర్చుంది. దూరంగా గీత మీద పొగ కదులుతోంది.

“అదేటి, నీ బండి వొచ్చే దారా?” అని నాన్ననడిగింది.

అవునన్నారు నాన్న.

చాలాసేపు ఆ పొగనే చూసింది. తర్వాత ఖాళీ చెంబు వంచి చూసుకుని, “పుట్ట పెద్దది. వొచ్చే చవితికి పాలు రెండు చెంబులు తేవాల” అంది.

నాన్న ఈల జేబులో పెట్టుకుని అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ పాసు మా ఇంట్లోనే గడువు తీరిపోయింది. ట్రంకుపెట్టెలో ఆవిడ బియ్యం పోసింది.

తర్వాత బతికినన్నాళ్ళూ చవితికి ఆవిడా, నేనూ ఆ కొండ మీదే. మూడు నెలలు లేటుగానే. ఆవిడ పోయాక నేనూ గార్డునయ్యాను, అదే లైను. మన వయసువాళ్ళకి తెలుసు, రైలు చివర బ్రేక్‌వాన్ గుమ్మంలో నిలబడితే ఊళ్ళు ఎలా వెనక్కి పోతాయో. ఎన్ని వందలసార్లో, అకల్‌తరా రాగానే అటు తిరిగి పచ్చజెండా కాస్త ఎక్కువసేపు ఊపేవాణ్ణి. ఇప్పుడక్కడ ఫ్యాక్టరీల పొగగొట్టాలు లేచాయట, పొగ ఇంజన్లు ఎప్పుడో పోయాయి, పైకెక్కినవాళ్ళు కొండకి వీపు తిప్పి ఫోనులో తమ మొహాలు చూసుకుంటారట. మా క్వార్టరు పడగొట్టేశారు. ఎత్తయినవన్నీ మారిపోయాయే, మనం తలెత్తి చూసినవేవీ మిగల్లేదే అని ఆ రోజు మెట్ల మీద కూర్చునే మనవరాలితో కాస్త భారంగా అన్నాను.

అది సొరకాయ సంచీ భుజానికెత్తుకుంది.

“పహాడ్ అక్కడే ఉంది తాతా. నువ్వే ఇంకా దాని మీంచి దిగలేదు.”