చీపురుపుల్ల కొలతకి కొన్న బూట్లు

మా అన్నయ్య నా బూట్లు చీపురుపుల్లతో కొలిచి కొన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కానిస్టేబులు ఉద్యోగానికి పరుగు పరీక్ష పెడతారు. అందులో గట్టెక్కితేనే మిగతాది. వయసు దాటిపోతోంది, నాకు అదే ఆఖరి అవకాశం. అంతకు ముందు నేను పరిగెత్తింది లేదు. పడవలొచ్చే వేళకి అమ్మతో గంపెత్తుకుని వడివడిగా నడవడమే తెలుసు, అదీ ఉత్తకాళ్ళతో.

నేను గడప మీద కూర్చుని చేపలు తోముతుంటే అన్నయ్య నా అరికాలికి పుల్ల ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా చూసి విరిచాడు. జేబులో వేసుకుని విజయనగరం వెళ్ళాడు. మా పేటలో ఆడవాళ్ళకి చెప్పులు అలాగే వస్తాయి. చెప్పులకైతే ఫరవాలేదు, వేళ్ళు బయటే ఉంటాయి కదా.

గులాబీరంగు బూట్లు తెచ్చాడు. పొడవు సరిపోయింది. వెడల్పు సంగతి ఆ పుల్లకేం తెలుసు? ఇసకలో తిరిగి తిరిగి మా వేళ్ళు పరుచుకుని ఉంటాయి. వాటిని అందులో కుక్కి తారురోడ్డు మీద పరిగెత్తాను. వారంలో బొబ్బలెక్కాయి. నెల తిరిగేసరికి బొటనవేలి గోరు నల్లబడి ఊడింది.

"బిగువున్నాయన్నియ్యా" అంటే, "వాడగా వాడగా సాగుతాయిలే" అన్నాడు. తోలుచెప్పులనుకున్నాడు మహానుభావుడు. మైదానంలో పరుగు నేర్పే మాస్టారికి చెప్పుకున్నాను. అందరి ముందూ, "ఆడలేక మద్దెల ఓడన్నాదట. పరిగెట్టాల్సింది బూట్లేటమ్మా, కాళ్ళు గానీ" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఆయన చెప్పిందే నిజమేమో అనుకున్నాను. ఇంటికెళ్ళి ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, "పాడుకాళ్ళు, దేనికీ పనికిరాని కాళ్ళు" అని వాటినే తిట్టాను.

పరుగు ఇంకా మూడు వారాలుందనగా అన్నయ్యని వెంటబెట్టుకుని ఆ దుకాణానికే వెళ్ళాను. అమ్మేవాడు నా మొహం కూడా చూడకుండా అన్నయ్యని అడిగాడు, "ఏ సైజు బాబూ?" అని.

"కాళ్ళు నావి. నన్నడుగు" అన్నాను.

ఆడవాళ్ళవాటిలో పెద్దవి లేవన్నాడు. మగవాళ్ళవి తీయమన్నాను.

"ఆడపిల్లకి మగోళ్ళ బూట్లేటమ్మా, బాగోదు."

"బాగున్నానని ఎవడూ ఉద్యోగం ఇవ్వడు. తియ్యి."

నా గొంతు విని, గల్లాపెట్టె దగ్గరున్న ముసలి యజమాని లేచి వచ్చాడు. సాయంత్రం రావడం మంచిదైందన్నాడు, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుందట. మేజోళ్ళు ఇచ్చి, మగవాళ్ళ జత తొడిగించి నిలబెట్టాడు. నా వేలి ముందు ఎంత ఖాళీ ఉందో నొక్కి చూశాడు. దుకాణంలోనే అటూ ఇటూ పరిగెత్తించాడు.

"కాలి ఏళ్ళు ఆడుతన్నాయా?"

"ఆడుతన్నాయి."

"మడం లేస్తన్నాదా?"

"లేదు."

"మంచి పాదమేనమ్మా. కుసింత ఎడల్పు, అంతే."

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ అయిదు నిమిషాల పని చెయ్యక నా గోరు ఊడగొట్టారు.

పరుగులో గట్టెక్కాను. గీత దాటి నేల మీద కూలబడితే అన్నయ్య నీళ్ళసీసాతో పరిగెత్తుకొచ్చాడు. "నెగ్గీసావు గదే, ఏడుస్తావేటి?" అన్నాడు.

"నెగ్గాను కాబట్టే ఏడుస్తన్నాను. ఈ కాళ్ళు మంచియని మీలో ఒక్కడూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు."