సెలయేరు లేని మా ఊరు

ఆ రోజుల్లో, మరీ పాత రోజులేం కావు, ఇంటింటికీ ఫోన్లు వచ్చేసిన రోజుల్లోనే, వ్యాసమంటే రాసేది కాదు, దొరికేది అనుకునేదాన్ని. భిలాయిలో పుట్టి పెరిగిన నాకు తెలుగు చెవికి బాగా వచ్చు, నోటికి ఓ మాదిరిగా వచ్చు, చేతికి బొత్తిగా రాదు. అందుకే మా బస్తీ ఖుర్సీపార్‌లోని తెలుగువాళ్ళంతా కలిసి పిల్లలకి 'మా ఊరు' మీద వ్యాసాల పోటీ పెట్టినప్పుడు, ఫోనులో వెతికితే మొట్టమొదట కనిపించినదాన్ని నాన్న పైకి చదివితే నేను హిందీ అక్షరాల్లో రాసుకున్నాను. (వినేవాళ్ళకి అక్షరాలు కనబడవు కదా.) మధ్యలో సెలయేరంటే ఏమిటని అడిగాను. నాన్న, "నాలా లాంటిదే గాని కంపు కొట్టదు" అన్నారు. కూతురు తెలుగులో మాట్లాడబోతోందని స్టీలు ప్లాంటులో అందరికీ చెప్పి, ఆ సాయంత్రం డ్యూటీ కూడా మార్పించుకున్నారు.

ముందుగా రిసాలి క్వార్టర్ల నుంచి వచ్చిన ఆఫీసరుగారబ్బాయి మైకు ముందు నిలబడి, గలగల పారే సెలయేటి గట్టున వెలసిన అందమైన పల్లె మా ఊరు అని మొదలుపెట్టాడు. నా కాగితంలో మొదటి వాక్యమూ అదే. తర్వాత వచ్చిన అమ్మాయి ఊరు కూడా అదే సెలయేటి గట్టునే వెలసింది. వెనక వరసలవాళ్ళు ఆమెతో గొంతు కలపడం మొదలుపెట్టారు. మూడో పేరు నాది.

కాగితం వీపు వెనక దాచి మైకు ముందుకెళ్ళాను. జడ్జిగా వచ్చిన రిటైర్డు తెలుగు మాస్టారు (పిల్లలం పెట్టుకున్న పేరు దీర్ఘాల మాస్టారు) కళ్ళద్దాలు తీసి, "మీ ఊళ్ళోనూ సెలయేరుందా అమ్మా?" అని అడిగారు.

"లేదండి. కుళాయుంది."

"అయితే దాని గురించే చెప్పు."

చెప్పేశాను. "ఎండాకాలం నీలు సన్నంగా వస్తాయండి. మా అమ్మ 'ఏటి, నీ బాబు కుళాయా?' అంటాది. పక్కింటి దీదీ 'బాల్టీ హటావ్' అంటాది. నీలు ఆగిపోయాక ఇద్దరూ మా గుమ్మంలో కూకొని చాయ్ తాగుతారు." గొంతులు మార్చి, చెయ్యి నడుముమీద పెట్టి మరీ చెప్పాను. హాలంతా నవ్వింది. అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కనే, సరదాగా చూద్దామని వచ్చిన దీదీకి తెలుగు రాకపోయినా, బకెట్టు తియ్యమన్న ఆ బాల్టీ మాట దగ్గర తన గొంతు తెలిసిపోయింది.

బహుమతి సెలయేటికే వచ్చింది. (ముందు చదివినవాడి సెలయేటికి.) ఇంటికొచ్చాక అమ్మ, "ఇంట్లో సంగతులన్నీ మైకులో సెప్పీసినావు" అని మాత్రం అంది. కేకలేస్తే బాగుండుననిపించింది. మర్నాడు కుళాయి దగ్గర నేనేం చెప్పానో దీదీ అడిగితే అమ్మే అంతా హిందీలో చెప్పింది, పోట్లాటలో తనే గెలిచినట్టు చిన్న మార్పుతో. నేను తలుపు చాటునుంచి వింటున్నాను. దీదీ నన్ను పిలిచి, తను అంత మెల్లగా ఎప్పుడూ అరవలేదనీ, మళ్ళీ చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పమనీ మందలించింది. నా మొదటి ఎడిటరు ఆవిడే.

ఆ తర్వాత ఆదివారాలు మాస్టారి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. తప్పులకి భయపడి నేను ఆగిపోయినప్పుడల్లా, "నువ్వు మాట్లాడినట్టే రాయి. దీర్ఘాలు నేను చూసుకుంటా" అనేవారు.

ఇప్పుడు నా రాతకి ఒక శైలి ఉందని దయగలవాళ్ళు అంటుంటారు. దీర్ఘాలు కూడా నేనే చూసుకుంటున్నాను. కానీ ఎవరి గురించి ఒక వాక్యం రాసినా, వాళ్ళేమనుకుంటారో, చదివినవాళ్ళేమనుకుంటారో అని దాన్ని మెత్తబరిచి, చివరికి కొట్టేస్తాను. ఆ మైకు ముందు పిల్ల ఇప్పుడు నా పక్కకొచ్చి కూర్చుంటే, నేను కొట్టేసిన వాక్యాలే ఏరుకుని పైకి చదువుతుంది, చెయ్యి నడుముమీద పెట్టుకుని.