ఊక ధూళిలో ఆగిపోయిన ఎండ

దయ్యాల ఫొటోలు అని నా స్టూడియోకు తెచ్చినవాళ్లను ఇప్పటిదాకా ఓ పదిమందినైనా నవ్వి పంపించి ఉంటాను. లెన్స్ మీద వెంట్రుక పడిందనో, షటర్ నెమ్మదిగా పడిందనో, అద్దంలో ట్యూబ్‌లైట్ మెరిసిందనో చూపించేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా మిర్యాలగూడలో పెళ్లిళ్లు తీస్తున్నాను. కెమెరాకు కనబడేదానికల్లా ఒక కారణం ఉంటుందని ఇప్పటికీ నమ్ముతాను. ఒక్క ఫొటోకు మాత్రం ఆ కారణం నాకు దొరకలేదు.

మా అన్న యాదయ్య ఇక్కడే ఒక రైస్ మిల్లులో హమాలీ. ఆ మిల్లు వెనక ఊక పోసే షెడ్డు ఉంది. దాని పడమటి గోడ రేకులదే, నిండా పాత మేకుల చిల్లులు. సాయంత్రం పొద్దు వాలేటప్పుడు ఆ చిల్లుల్లోంచి ఎండ లోపలికి పడుతుంది. గాలి శుభ్రంగా ఉంటే నేల మీద చుక్కలు తప్ప ఏమీ కనబడవు. ధూళి లేస్తే మాత్రం ఒక్కో చిల్లు నుంచీ ఒక్కో కిరణం తాడు కట్టినట్టు నేలదాకా దిగుతుంది.

అది కనిపెట్టినప్పుడు నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. పెళ్లికి ముందు జంటలను అక్కడికి తీసుకొచ్చి తీయడం మొదలుపెట్టాను. కోదాడ నుంచి, సూర్యాపేట నుంచి కూడా వచ్చేవాళ్లు. మిల్లు యజమాని సేఠ్ కాదనలేదు. డ్యూటీ దిగిన అన్న ఫ్రేముకు అవతల నిలబడి, చేట నిండా ఊక ధూళి ఎత్తి పైకి ఎగరేసేవాడు. ప్రతిసారీ ఎగరేశాక ఒకటే అడిగేవాడు.

"మంచిగొచ్చిందా తమ్మీ? ఇంకోపారి ఎయ్యాల్నా?"

నేను ఇంకోసారి, ఇంకోసారి అంటూనే ఉండేవాణ్ణి. అలా మూడేళ్లు నడిచింది.

అన్న మొదట్లో మూతికి ఎర్ర తువ్వాల కట్టుకునేవాడు. ఎండ దాని మీద పడి, ఆ ఎరుపు ధూళిలోకి వచ్చేది. కిరణాలు తెల్లగా రాకుండా పాడవుతున్నాయని నాకు చిరాకు.

"అన్నా, ఆ తువ్వాల తియ్యరాదే. ఎర్రగ కొడుతున్నది" అన్నాను.

అన్న తీసేసి నడుముకు కట్టుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ మూతికి కట్టుకోలేదు. ఒక తెల్ల గుడ్డ ఇద్దామన్న ఆలోచన నాకు రాలేదు. బీరువా నిండా తెల్ల గుడ్డలు పెట్టుకున్న ఫొటోగ్రాఫర్‌ని నేను.

తరవాత దగ్గు మొదలైంది. సూర్యాపేటలో ఎక్స్‌రే చూసిన డాక్టరు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, అవి మళ్లీ మెత్తబడవని చెప్పాడు. పదిహేనేళ్ల మిల్లు పని వల్లే అని అందరూ అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నారని నాకు తెలుసు. వదిన ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మాఘమాసంలో అన్నను మళ్లీ సూర్యాపేట దవాఖానలో చేర్చాం. ఆ రోజు నాకు కోదాడలో నిశ్చితార్థం పని. మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. ఆమెది కోదాడ, మాట కొంచెం ఆంధ్ర వైపు ఉంటుంది.

"శీనూ, ఇంటికి తీసుకెళ్లిపోమంటున్నారయ్యా. ఇంక చేసేదేం లేదంట" అంది.

నేరుగా సూర్యాపేట పోవాల్సినవాణ్ణి కారును మిర్యాలగూడకు తిప్పాను. అన్నకు మొహం చూపించలేకపోయాను, అంతే. ఇంటికీ పోలేదు. మిల్లుకు పోయాను. మిషన్ రిపేరని వారం నుంచి మిల్లు ఆపేసి ఉంది. వాచ్‌మన్ గేటు తీసి, తన కుర్చీలో కూర్చున్నాడు. షెడ్డులో నేను తప్ప ఎవరూ లేరు.

పొద్దు వాలుతోంది. వారంగా ఎవరూ కదపని ఊక, గాలి కూడా లేదు. నేల మీద ఎండ చుక్కలు మాత్రమే ఉన్నాయి. నేను ఒక బస్తా మీద కూర్చుని ఏడ్చాను.

తల ఎత్తేసరికి కిరణాలు ఉన్నాయి. షెడ్డు నిండా కాదు. అన్న ఎప్పుడూ నిలబడే మూల నుంచి ధూళి లేచి మెల్లగా పరుచుకుంటోంది. అది అణిగేలోగా మళ్లీ లేచింది. చేతులు అలవాటు కొద్దీ కెమెరా తీశాయి. ఏడు ఫొటోలు తీశాను. ఫైళ్లలో టైము ఐదూ యాభై నుంచి ఐదూ యాభై నాలుగు దాకా ఉంది.

వాటిలో ఐదోదాని గురించి చెప్పాలి. ఆ మూల దగ్గర ఒక కిరణం నేలదాకా రాలేదు. ఛాతీ ఎత్తులో ఆగిపోయింది. దాని కింద నేల మీద ఉండాల్సిన చుక్క కూడా లేదు. ముందు ఫొటోలోనూ, తరవాత ఫొటోలోనూ ఉంది.

ఏడున్నరకు సూర్యాపేట చేరాను. మిల్లుకు పోయినట్టు ఎవరికీ చెప్పలేదు. కెమెరా బ్యాగు కారులోనే వదిలేశాను. మంచం దగ్గరికి పోగానే అన్న కళ్లు తెరిచాడు. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి అడిగాడు.

"మంచిగొచ్చిందా తమ్మీ? ఇంకోపారి ఎయ్యాల్నా?"

వదిన మాస్కు సరిచేస్తూ అంది, "సాయంత్రం ఆరు కొట్టకముందు నుంచి ఇదే వరస. రెండు చేతులూ పైకెత్తి ఏదో విసురుతున్నట్టు. పట్టుకుంటే ఆగలేదు."

"సాలన్నా. మంచిగొచ్చింది" అన్నాను. అన్న చేతులు దుప్పటి మీద పెట్టుకున్నాడు. మరునాడు ఇంటికి తెచ్చాం. మూడో రోజు పోయాడు.

దశదినకర్మకు దండ వేసే ఫొటో కావాలి. ఊళ్లో ఎవరు పోయినా నా దగ్గరికే వస్తారు, ఏదో పెళ్లి గ్రూపులోంచి మొహం కత్తిరించి పెద్దది చేసి ఇస్తాను. మా అన్నకోసం హార్డ్‌డిస్కులన్నీ వెతికాను. అన్న ఒక్క ఫొటోలో లేడు. కొన్నింట్లో అంచున చెయ్యి పడింది, చేట పడింది. అవి కూడా అప్పుడే నేను చెరిపేశాను. చివరికి ఆధార్ కార్డు ఫొటోకు దండ వేశాం.

ఐదో ఫొటోను హైదరాబాదులో ఇద్దరు తోటి ఫొటోగ్రాఫర్లకు చూపించాను. ఆ క్షణం చిల్లుకు అవతల పక్షి అడ్డొచ్చి ఉంటుందన్నాడు ఒకడు. అలాగైతే కిరణం పైనుంచే మొత్తం మాయమవ్వాలి కదా, సగంలో ఎలా ఆగుతుందని అడిగితే తెలియదన్నాడు. రెండోవాడు చాలాసేపు చూసి కెమెరా తిరిగి ఇచ్చేశాడు. నాకూ తెలియదు.

నేను మాత్రం ఆ ఫొటోలో వేరేది వెతుకుతాను. కిరణం ఆగినచోట ఎంత పెద్దది చేయొచ్చో అంత చేసి, ఆ చుట్టూ ధూళిలో ఎక్కడైనా ఎరుపు ఉందేమోనని చూస్తాను. ఈసారైనా తువ్వాల కట్టుకున్నాడేమోనని. ధూళి తెల్లగా, నేను అడిగినట్టే ఉంది.