నేను చెప్పిన వర్జ్యం

మొన్న అమ్మవాళ్ళ గరాజ్ సర్దుతుంటే పై అరలోంచి, ప్రయాణాల్లో తిండి పెట్టుకునే పాత నీలం రంగు కూలర్ పెట్టె ఒకటి దిగింది. మూత తీయగానే ఇంగువ వాసన గుప్పుమంది. ఇరవై ఏళ్ళకు పైగా మూసి ఉన్న డబ్బాలో చింతపండు పులుసు, వేయించిన పల్లీలు, పసుపు కలిసిన ఆ వాసన ఇంకా మిగిలి ఉందంటే ఎవరూ నమ్మరు గానీ, ఉంది. మా అబ్బాయి ముక్కు మూసుకుని, "ఏంటమ్మా ఈ స్మెల్?" అంటూ అవతలికి పరిగెత్తాడు. నేను మాత్రం మూత చేత్తో పట్టుకుని అక్కడే ఒక అట్టపెట్టె మీద కూర్చుండిపోయాను. నాకు ఫుట్‌బాల్ అంటే గడ్డి వాసనో తోలు బంతి వాసనో కాదు, పులిహోర వాసన. దాని వెనకే ప్రసాద్ అంకుల్ మీద కోపం కూడా, ఏమాత్రం పాడవకుండా, లేచి వచ్చింది. నేను మర్చిపోయే రకం కాదు.

అప్పటి మా ఊరు ఫ్రిస్కో ఇప్పటిలా లేదు. మా వీధి చివర ఇళ్ళు అయిపోతే మొక్కజొన్న కోసేసిన పొలం, దాని అవతల నీళ్ళ టవర్, అంతే. సెప్టెంబర్ దాకా తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేని ఎండ, అక్టోబర్ చివర్లో ఒకే ఒక్క రోజులో ఉత్తరపు గాలి తిరిగి, మధ్యాహ్నం చొక్కాతో ఆడుకుంటున్న పిల్లలం సాయంత్రానికి స్వెటర్లు వెతుక్కునే వాళ్ళం. మా ఇంట్లో పండగలన్నీ అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌తో ముడిపడి ఉండేవి. వినాయక చవితి ఉండ్రాళ్ళు తినే రోజులకు ఆటలు మొదలయ్యేవి, బతుకమ్మకు అమ్మ పూలు కొనే సరికి సీజన్ సగమయ్యేది, దీపావళి అరిసెలు డబ్బా అడుక్కి చేరాక అసలైన ఆట వచ్చేది. ఆ ఆట నాన్న చదివిన యూనివర్సిటీకీ, ప్రసాద్ అంకుల్ చదివిన యూనివర్సిటీకీ మధ్య. నాన్న వాళ్ళది నీలం, అంకుల్ వాళ్ళది ఎరుపు. ఒక ఏడు నీలం వాళ్ళ స్టేడియంలో, మరుసటి ఏడు ఎర్ర వాళ్ళ స్టేడియంలో. ఏ ఊరికైనా మాకు మూడు గంటల డ్రైవ్.

నాన్నది నిజామాబాద్ దగ్గర, అంకుల్‌ది భీమవరం. ఇద్దరూ ఒకే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ ఒకే కార్‌లో వెళ్ళివచ్చేవారు. ఆ కార్ మా ఇంటి ముందు ఆగిన తర్వాత కూడా పావుగంట సేపు తలుపులు తెరుచుకునేవి కావు, లోపల, జట్టును నడిపించే మా క్వార్టర్‌బ్యాక్ గొప్పా మీవాడు గొప్పా అని వాదన నడుస్తుండేది. అంకుల్ టీ సాసర్‌లో పోసుకుని, ఊది, చప్పుడు చేస్తూ తాగేవాడు. ఏ పని మొదలుపెట్టాలన్నా పంచాంగం చూసేవాడు. మాకు ఇండియన్ గ్రోసరీ వాళ్ళు ఊరికే ఇచ్చే తెలుగు క్యాలెండర్ ఫ్రిజ్ పక్కన వేలాడుతుండేది. పిల్లలందరినీ దాని ముందు నిలబెట్టి, తిథి, నక్షత్రం, వర్జ్యం కూడబలికించి, "శనివారం రాహుకాలం ఎప్పుడర్రా?" అని అడిగేవాడు. "తొమ్మిది నుంచి పదిన్నర" అని ముందు అరిచిన వాళ్ళకు చాక్లెట్. వర్జ్యం మాత్రం రోజుకో వేళకు మారుతుంది కాబట్టి క్యాలెండర్ చూడాల్సిందే. నాకు తెలుగు అంకెలూ అక్షరాలూ పట్టుబడింది అలాగే. ఆయన నేర్పిన చదువే ఆయన మీద వాడతానని అప్పుడు నాకూ తెలియదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు రెండు కుటుంబాలూ కలిసి ఆటకు వెళ్దామనుకున్నాం. ఆ ఏడు ఆట నాన్న వాళ్ళ స్టేడియంలో. నాన్న అక్కడ చదువుకునేటప్పుడు ఖర్చుల కోసం గేటు దగ్గర టికెట్లు చింపే పని చేసేవాడట. లోపల లక్షమంది ఒక్కసారి అరిస్తే ఎవరు కొట్టారో, ఏం జరిగిందో తెలియక, బయటికి వచ్చే వాళ్ళను అడిగి తెలుసుకునేవాడట. "ఈసారి మొదటి నుంచి ఆఖరి దాకా కూసుని చూద్దాం బిడ్డా" అని రోజుకోసారైనా అనేవాడు. టికెట్లు తీసుకునే పని అంకుల్‌ది, వంట అమ్మది, పోస్టర్ నాది. అమ్మ రెండు వారాల ముందే చేగోడీలు చేసి డబ్బాలకెత్తింది, ఆటకు ముందు స్టేడియం పార్కింగ్ లాట్‌లో అందరూ మాంసం కాలుస్తుంటే మనం మిరపకాయ బజ్జీలు వేద్దామని చిన్న గ్యాస్ పొయ్యి కొనిపించింది, పేపర్ ప్లేట్లు కూడా నీలం రంగువే వెతికి తెచ్చింది. నేను నీలం స్కెచ్ పెన్నులు ఎండిపోయే దాకా పోస్టర్ నింపాను. నాన్న గేటు పని చేసిన రోజుల్లోని టీ షర్టు ఒకటి ఉండేది, ఉతికితే అదృష్టం పోతుందని ఉతకనిచ్చేవాడు కాదు, దాన్ని అమ్మ రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి కుర్చీ మీద వేసింది.

వెళ్ళడానికి ముందు రోజు, శుక్రవారం సాయంత్రం, కార్‌లోకి కూలర్ ఎక్కించిన తర్వాత అంకుల్ ఫోన్ చేశాడు. వంటింట్లో స్పీకర్ మీద ఉంది కాబట్టి అందరం విన్నాం.

"సుధాకర్, ఏమనుకోకు. మా మేనేజర్ ఫ్యామిలీ వస్తామన్నారు. నా గ్రీన్ కార్డ్ ఫైలింగ్ ఆయన చేతిలో ఉంది, కాదనలేకపోయాను. మీ మూడు టికెట్లూ వాళ్ళకిచ్చేశాను. వచ్చే ఏడు చూద్దాంలే."

"ఏం పర్వాలేదన్నా. మీరు మంచిగ పోయి రాండ్రి" అన్నాడు నాన్న. ఫోన్ పెట్టేసి, బయటికి వెళ్ళి, కూలర్ దింపుకొచ్చాడు.

మరుసటి రోజు మేం హాల్‌లో కార్పెట్ మీద కూర్చుని ప్రయాణం కోసం కట్టిన పులిహోర విప్పుకుని తింటూ టీవీలో ఆట చూశాం. నాన్న ఆ టీ షర్టు వేసుకునే కూర్చున్నాడు. మేం గెలిచాం. నాన్న చప్పట్లు కొట్టాడు గానీ లేచి గంతులేయలేదు. నేను పోస్టర్‌ను నాలుగు మడతలు పెట్టి మంచం కింద తోసి, ప్రసాద్ అంకుల్‌ని వదిలిపెట్టకూడదని నిర్ణయించుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు పగేమిటి అనుకునే వాళ్ళకు తొమ్మిదేళ్ళ వయసు గుర్తులేదని అర్థం. అప్పటి పగలో ఇంకే పనీ అడ్డురాదు. స్కూల్ బస్‌లో, స్నానం చేస్తూ, సందు చివర పిల్లలతో బంతి విసురుకుంటూ, ఏడాది పొడుగునా నేను ఆయన్ని ఏం చేయాలా అనే ఆలోచించాను.

మరుసటి ఏడు ఆట ఎర్ర వాళ్ళ స్టేడియంలో. ఈసారి టికెట్లు నాన్నే తీశాడు, రెండు కుటుంబాలకూ పక్కపక్కనే. అమ్మ కూడా మూతి ముడిచింది గానీ నాన్న వినలేదు. వాళ్ళవి వాళ్ళకు ముందే ఇచ్చేశాడు కూడా. అంకుల్‌కి ఆ ఏడు ఇంకో సంబరం తోడయింది. ఆట మొదలయ్యే ముందు పాత విద్యార్థులు కొందరు మైదానంలో వరుసగా నడుస్తారట, బ్యాండ్ వాయిస్తుందట, పేర్లు మైక్‌లో చదువుతారట. ఆ వరుసలో ఆయన పేరు వచ్చింది. మూడు నెలలు ఎక్కడ భోజనాలు జరిగినా ఇదే మాట. కొత్త ఎర్ర జాకెట్ కొన్నాడు, మా ఇంటికి తెచ్చి తొడుక్కుని చూపించాడు, భీమవరంలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాడు. పన్నెండున్నరకల్లా అక్కడ ఉండాలి. ఎనిమిదింటికి రెండు కార్లూ కలిసి బయల్దేరాలని ప్లాన్.

ఆ శనివారం పొద్దున ఏడూ ఇరవైకి ఫోన్ మోగింది. అమ్మ పులిహోర కలుపుతోంది, నాన్న స్నానానికి వెళ్ళాడు, నేను ఎత్తాను.

"చిన్నీ, మా క్యాలెండర్ ఎక్కడో పడిపోయిందమ్మా. కాస్త మీది చూసి ఇవాళ వర్జ్యం ఎప్పుడో చెప్పవా?"

క్యాలెండర్ నా కళ్ళ ముందే ఉంది. ఆ రోజు వర్జ్యం సాయంత్రం నాలుగు దాటాక. ఏడాదిగా వెతుకుతున్నది తనంతట తానే ఫోన్ చేసి చేతికొచ్చింది. తొమ్మిదికి రాహుకాలం పడుతుందని ఆయనే నేర్పాడు కదా, దానికి ముందు ఖాళీ లేకుండా చేస్తే చాలు.

"ఏడున్నర నుంచి తొమ్మిది దాకా అంకుల్" అన్నాను.

"అయ్యో! తొమ్మిదికి రాహుకాలం వచ్చేస్తుందే" అన్నాడు. "ఇవాళ నా పేరు చదివే రోజమ్మా, వర్జ్యంలో అడుగు బయట పెట్టలేను. మేం పదిన్నరకి బయల్దేరి స్పీడ్‌గా వచ్చేస్తాం. మీ నాన్న ఇవేవీ పట్టించుకోడుగా, మిమ్మల్ని ముందు వెళ్ళమని చెప్పు."

నాన్న తల తుడుచుకుంటూ వచ్చి విని, "ఆయన వర్జ్యాలు ఆయనకు" అని నవ్వి కార్ తీశాడు. దారి పొడుగునా నేను పాడుతూనే ఉన్నాను. పార్కింగ్ లాట్‌లో బొగ్గుల పొగ, కాలుతున్న మాంసం, అమ్మ నూనెలో వేసిన మిరపకాయలు, డ్రమ్ముల మోత వచ్చి ఛాతీలో తగలడం, ఎర్ర టోపీల వాళ్ళు మా పొయ్యి చుట్టూ మూగి బజ్జీలు తిని కళ్ళనీళ్ళు పెట్టుకోవడం, అన్నీ బాగున్నాయి. అన్నింటికంటే బాగున్నది మా పక్కన ఖాళీగా ఉన్న సీట్లు. మైక్‌లో పేర్లు చదివారు. ప్రసాద్ అంకుల్ పేరు చదివినప్పుడు వరుసలో ఒకచోట ఖాళీ కనిపించింది, వెంటనే వెనకాయన ముందుకు జరిగి నడిచాడు. నాన్న ఆ సీట్ల మీద తన కోటు పరిచి, ఆట మానేసి మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. అంకుల్ ఆట పావు వంతు అయిపోయాక, రెండో క్వార్టర్‌లో, చెమటలు కారుతూ, జాకెట్ చేతి మీద వేసుకుని వచ్చాడు. మేమే గెలిచాం. ఆ రోజు తిన్నంత రుచిగల బజ్జీ నేను మళ్ళీ తినలేదు, అబద్ధం చెప్పను.

మరుసటి ఆదివారం వాళ్ళు మా ఇంటికి భోజనానికి వచ్చారు. పెరుగు తీసుకోవడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళిన అంకుల్, క్యాలెండర్ ముందు ఆగిపోయాడు. చేతిలో కంచంతోనే హాల్‌లోకి వచ్చాడు.

"శనివారం వర్జ్యం సాయంత్రం అని ఉందేంటి సుధాకర్? పిల్ల పొద్దున అని చెప్పిందే. పోయినేడు టికెట్లు ఇవ్వలేదని ఇంత కక్షా? పిల్ల చేత అబద్ధం చెప్పిస్తావా?"

నాన్నకు ఏమీ తెలియదు. నా వైపు చూశాడు. నేను కంచంలోకి చూశాను.

"అవునన్నా" అన్నాడు నాన్న. "నేనే చెప్పిచ్చిన."

అంకుల్ కంచం బల్ల మీద పెట్టి, ఆంటీని లేపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. సోమవారం నుంచి ఎవరి కార్‌లో వాళ్ళే ఆఫీస్‌కి వెళ్ళారు. రెండేళ్ళకు వాళ్ళు చాండ్లర్ అనే ఊళ్ళో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారని ఎవరో చెప్తే విన్నాం. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. నా తప్పు నెత్తిన వేసుకుని, నన్ను కాపాడడానికి స్నేహితుణ్ణి వదులుకున్నాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను, దానికి కూడా అంకుల్ మీదే కోపం పెంచుకున్నాను. ఆయన టికెట్లు ఇచ్చేయకపోతే ఇదంతా జరిగేది కాదు కదా.

ఇప్పుడు మొక్కజొన్న పొలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. కాగితం టికెట్లు లేవు, ఫోన్‌లో గీతల బొమ్మ చూపిస్తే గేటు దానంతటదే తెరుచుకుంటుంది, చింపే మనిషి అక్కర్లేదు. స్టేడియంలోకి ఇంటి తిండి రానివ్వరు, పార్కింగ్ లాట్‌లో పొయ్యి పెట్టాలంటే ముందే బుక్ చేసుకోవాలి. ఈ నవంబర్‌లో ఆట నాన్న వాళ్ళ స్టేడియంలోనే. గరాజ్ సర్దడం అయ్యాక, వంటింటి బల్ల దగ్గర నాన్నను కూర్చోబెట్టి ల్యాప్‌టాప్‌లో సీట్ల పటం తెరిచాను. అమ్మా నాన్నా, నేనూ మా అబ్బాయీ. నాలుగు ఎంచి పెట్టాను. అప్పుడిక ఆగలేకపోయాను.

"నాన్నా, ప్రసాద్ అంకుల్‌కి ఫోన్ చేసి, ఆ రోజు అబద్ధం నా అంతట నేనే చెప్పానని చెప్పేయనా? నువ్వు నా కోసం మాట పడ్డావు."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీ కోసం గాదు బిడ్డా. ఏడాది పొడుగూత నాకు లోపట లోపట కాలింది. నువ్వు చేసినవని తెల్వంగనే నవ్వాగలే. నేనే చెప్పిచ్చిన అన్నప్పుడు కడుపు సల్లబడ్డది."

ఇరవై ఏళ్ళుగా నేను త్యాగమనుకున్నది నాన్న పగ. నాకంటే బాగా తీర్చుకున్నాడు.

"మరి ఇంకేం? హాయిగా ఉన్నావన్నమాట" అన్నాను.

"ఆ ఒక్క దినం" అన్నాడు నాన్న, తెర మీద నేను ఎంచిన నాలుగు సీట్లనూ చూస్తూ. "గా తర్వాత మనోళ్ళు ఎన్నిసార్లు గెలిచిన్రో లెక్కే లేదు. గెలిచినంక ఎవని మొఖం జూడాలె బిడ్డా?"