వెనక పేజీ ఏదమ్మా?

నిన్న మధ్యాహ్నం ఒక దరఖాస్తు తెరవగానే గుప్పుమని ఎండు చేపల వాసన వచ్చింది. ఎదురుగా నిలబడిన అమ్మాయి నా ముఖం చూసి కంగారుపడింది. "సారీ మేడమ్, ఇంట్లో సర్టిఫికెట్లు పెట్టుకునే చోటు..." అని సగంలో ఆపేసింది. ఫర్వాలేదన్నాను. పీహెచ్‌డీ చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే చదువు రుణాల దరఖాస్తులు మా విశ్వవిద్యాలయంలో ముందు నా బల్ల మీదికే వస్తాయి. అర్హత ఉంటే పైకి పంపాలి, లేకపోతే తిప్పి పంపాలి. ఈ అమ్మాయికి వయసు దాటిందని మా గుమాస్తా పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. నేను ఎర్ర పెన్ను మూత తీశాను కూడా. కానీ ఆ వాసన నన్ను బందరుకి లాక్కుపోయింది, గౌస్ బాబాయి బల్ల దగ్గరికి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మాది దివిసీమలో సముద్రం పక్క పల్లె. నాన్న వేటకి వెళ్లేవాడు, అమ్మ అవనిగడ్డ మార్కెట్లో ఎండు చేపలు అమ్మేది. మడ అడవుల్లో పీతల మీద పరిశోధనకి నాకు దూరాన ఒక విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. ఆ నెలాఖరులోగా రుణం మంజూరైన కాగితం చూపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. బందరులోని జిల్లా ఆఫీసులో నిబంధనల కాగితం జిరాక్స్ ఇచ్చారు. ఆదాయం సరిపోయింది, కులం సరిపోయింది, మార్కులు సరిపోయాయి. వయసు దగ్గర మాత్రం ఇరవై ఆరు నిండి ఉండకూడదని ఉంది. నా పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం నాకు ఇరవై ఆరు నిండి సరిగ్గా నెల.

అసలు సంగతేమిటంటే నాకప్పటికి పాతికేళ్లే. డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. అమ్మ తాటిచెట్టుని కరుచుకుని ప్రాణం దక్కించుకున్న కథ మా పల్లెలో తెలియనివాళ్లు లేరు. రికార్డులో మాత్రం నేను ఉప్పెనకి ముందే పుట్టేశాను. బడిలో వేసేటప్పుడు మా పంతులుగారు పిల్లల వయసు అడిగేవారు కాదు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని పట్టుకోమనేవారు. చెవి అందితే అయిదేళ్లు నిండినట్టే, పుట్టినరోజు జూన్ ఒకటి. మా తరగతిలో సగంమందిమి జూన్ ఒకటినే పుట్టాం. నావి మా నాన్న పోలిక, పొడుగు చేతులు. నాలుగేళ్లకే చెవి అందేసింది. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నానట కూడా.

నాన్న వెళ్లి మా ఊరి బడి హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడ్డాడు. ఆయన మంచివాడు. ఉప్పెన తర్వాత పుట్టినట్టు కొత్తగా ఒక సర్టిఫికెట్ రాసిచ్చాడు. దాన్నీ, పదో తరగతి సర్టిఫికెట్‌నీ కలిపి దరఖాస్తుకి కుట్టి ఆఫీసులో ఇచ్చేశాం. రసీదు చేతికొచ్చేసరికి నా గుండె మీద బరువు దిగినట్టయింది. ఆఫీసు గోడ పక్క టీ బడ్డీ దగ్గర ఆగాం. అక్కడ చిన్న బల్ల వేసుకుని, జనానికి అర్జీలు రాసిపెట్టే పెద్దాయన ఒకరున్నారు. తెల్ల గడ్డం, చొక్కా జేబులో రెండు పెన్నులు. అదే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారని టీ బడ్డీ అతను చెప్పాడు. పేరు గౌస్.

నాన్నకి సంతోషమొస్తే నోరాగదు. "మా అమ్మాయి డాట్రు సదువుకి ఎళ్తంది సాయిబుగారూ! సూదులేసే డాట్రు కాదంట, ఇంకో రకం డాట్రంట" అని మొదలుపెట్టి, హెడ్మాస్టరు చేసిన సాయం దాకా అంతా చెప్పేశాడు. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

"రెండు పుట్టిన తేదీలు ఒకే ఫైల్లో పెట్టారా?"

"నిజం తేదీ అదేనండీ" అన్నాను.

"నిజమే కావచ్చు తల్లీ. రేపు పొద్దున ఫైలు పరిశీలనకి వెళ్తుంది. రెండు తేదీలు చూస్తే దొంగ సర్టిఫికెట్ అని రాస్తారు. ఇంక నీకు ఏ ప్రభుత్వ రుణమూ రాదు. ఆ హెడ్మాస్టరు ఉద్యోగం కూడా పోవచ్చు."

సాయం చేసిన మనిషి నోటికాడ కూడు తీశామా అన్న భయం, సీటు పోతుందన్న భయాన్ని కూడా మింగేసింది. గౌస్‌గారు నా చేతిలోని నిబంధనల కాగితం తీసుకుని చివరి వరస దాకా చదివారు. తర్వాత తిప్పారు. వెనక తెల్లగా ఉంది.

"వెనక పేజీ ఏదమ్మా?"

"ఇదొక్కటే ఇచ్చారండీ."

"చివరి వాక్యానికి చుక్క లేదు, చూడు. మధ్యలో తెగింది. జిరాక్స్ తీసినవాడు ముందు పేజీ ఒక్కటే తీశాడు."

ఆయన లేచి ఆఫీసులోకి వెళ్లారు. ఇరవై నిమిషాలు పట్టింది. నాన్న టీ అలాగే చల్లారిపోయింది. ఆయన తిరిగొచ్చి ఇంకో కాగితం నా చేతిలో పెట్టారు. వెనకబడిన కులాల వాళ్లకీ, ఆడపిల్లలకీ వయసులో మూడేళ్ల సడలింపు అని రెండు వరసల్లో ఉంది. నాకు ఏడుపొచ్చింది. రికార్డులో ఉన్న తప్పు వయసుతోనే నాకు అర్హత ఉంది. దిద్దుదామని పోయి మేమే కొంప మీదికి తెచ్చుకున్నాం.

"ఇప్పుడు ఆ దరఖాస్తు వెనక్కి తీసుకోవాలి. జరిగింది జరిగినట్టు రాయి" అంటూ తెల్లకాగితం నా ముందుకి తోశారు.

"మీరు రాసిపెట్టండి సార్, నా చెయ్యి వణుకుతోంది."

"సార్ వద్దు, బాబాయ్ అను. వణికితే వణకనీ. రేపెవరైనా అడిగితే నిలబడి చెప్పాల్సింది నువ్వు. నా అక్షరాలు నీకు సాక్ష్యం చెప్పవు."

మూడు కాగితాలు పాడుచేసి నాలుగోది రాశాను. చెవి పట్టుకున్న సంగతి కూడా రాశాను. సాయంత్రం అయిదింటి దాకా అధికారి గది బయట నిలబడ్డాం. అధికారి చదివి, కళ్లజోడు మీంచి నన్ను చూసి, "చదువుకున్నదానివి, బుద్ధుండక్కర్లా?" అని కేకలేశారు. నేను తల దించుకుని నిలబడ్డాను. కేకలన్నీ అయ్యాక ఫైలు తిరిగిచ్చారు. హెడ్మాస్టరు సర్టిఫికెట్ నాన్న అక్కడికక్కడే చింపి జేబులో వేసుకున్నాడు. ఆ గుమ్మం దగ్గరే కొత్త దరఖాస్తు నింపి ఇచ్చాం.

గౌస్ బాబాయి మాతో బస్టాండు దాకా నడిచొచ్చారు. ఏమివ్వమంటారని నాన్న అడిగితే ససేమిరా అన్నారు. అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డప్పుడు, మీకెందుకండీ ఇంత శ్రమ అని నేనడిగాను.

"సర్వీసులో ఉండగా ఇలాంటి అమ్మాయి దరఖాస్తే ఒకటి వయసు ఎక్కువని తిప్పి పంపాను. వెనక పేజీ అప్పుడూ ఉంది. నేనే తిప్పలేదు. ఏడాది తర్వాత తెలిసింది. వెతికించాను, వాళ్లు ఊరొదిలి వెళ్లిపోయారన్నారు."

"ఆమె పేరేంటి బాబాయ్?"

"అదే తల్లీ నా బాధ. ఫైలు నంబరు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పేరు గుర్తు లేదు."

అంతలో బస్సొచ్చింది. ఇంకేం అడగలేకపోయాను.

నెలాఖరుకి రెండు రోజుల ముందు మంజూరు కాగితం వచ్చింది. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తిండి సరిగ్గా సయించలేదు. పీహెచ్‌డీ పూర్తయ్యాక మిఠాయి పెట్టె పట్టుకుని బందరు వెళ్తే, గోడ పక్కన ఆ బల్ల లేదు. ఆయన పోయి ఏడాది దాటిందని టీ బడ్డీ అతను చెప్పాడు. ఆ మిఠాయి అక్కడ టీ తాగేవాళ్లకే పంచేసి వచ్చాను. చెప్పాల్సిన కృతజ్ఞత చెప్పకుండా ఉండిపోయానన్న బాధ ఇప్పటికీ నాకు పోలేదు.

నిన్న ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. దుపట్టా కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నిబంధనల కాగితం తిప్పి చూశాను. వెనక పేజీ ఉంది, కానీ ఆమెకి పనికొచ్చే సడలింపేదీ అందులో కనపడలేదు. దానికి మూలమైన ప్రభుత్వ ఉత్తర్వులో ఏమైనా ఉందేమో, దాని పూర్తి ప్రతి కావాలని పై ఆఫీసుకి ఉత్తరం రాయాలి. దొరుకుతుందో లేదో తెలియదు, గడువు చూస్తే వారమే ఉంది.

"రూలు ఒప్పుకోదా మేడమ్?" అంది ఆ అమ్మాయి.

దరఖాస్తు మీద పేరు ఉంది. పైన ఫైలు నంబరు కూడా ఉంది. నేను ఎర్ర పెన్నుకి మూత పెట్టి, దరఖాస్తు మూసేశాను.

"కూర్చోమ్మా. ముందు నీ పేరు చెప్పు" అన్నాను.