కాగితం పూల కొమ్మా, మా నాయన వలా

నైలాను వలలు ఇంకా మా ఊరి మొహం చూడని ఆ రోజుల్లో, ఇందుకూరుపేట అవతల మా సముద్రపొడ్డున ఇంటి ముంగిలి మనుషులది కాదు, నూలు వలది. వేట నుంచి రాగానే మా నాయన గుంజల మధ్య వల ఆరేసేవాడు. మేం దాని కిందనుంచి వంగి వంగి ఇంట్లోకి దూరేవాళ్లం (నా నడుం నొప్పికి మూలం అక్కడే ఉందని నా అనుమానం). అలాంటి ముంగిట్లో కాగితం పూల చెట్టు పెంచుతానని పదకొండేళ్ల వయసులో నేను పంతం పట్టాను.

ఎండుచేపలు అమ్మే అమ్మ వెంట నెల్లూరు వెళ్లినప్పుడు ఒక బంగళా గోడమీద చూశాను ఆ పూలను. తోటమాలిని బతిమాలితే, కత్తిరించి పారేస్తున్న కొమ్మల్లోంచి వేలి లావువి నాలుగు ఏరి ఇచ్చి, "ఏటవాలుగా గుచ్చు పాపా. చిగురొచ్చిందాకా కదిలించబాక" అన్నాడు. తెచ్చి గుచ్చాను. నాయన చూసి, "వల పక్కన ముళ్ల చెట్టేందిమే? వలలో ఒక్క కన్ను తెగినా పీకి సముద్రంలో పారేస్తా" అన్నాడు. "తెగితే నేను అల్లుతాలే" అన్నాను. మా ఇళ్లలో ఆడపిల్ల వల అల్లింది లేదు, నాకు జడ అల్లుకోవడమే సరిగ్గా రాదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు అప్పటికి నాకు లేదు.

చేపలు కడిగిన నీళ్లు చెట్టుకు బలమని మా ఊళ్లో అందరికీ తెలుసు. నాకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు కాబట్టి, ఎండబెట్టే ముందు చేపల్ని ఉప్పులో ఊరేసే తొట్టి నీళ్లయితే మరీ బలమనుకున్నాను. మూడు కొమ్మలకు పోసి నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి అమ్మ చూసి చెంబు లాక్కుంది. ఆ మూడూ వారంలో వరుగులయ్యాయి. "వాటిని కూడా గంపలో పెట్టుమే, ఎండుచేపలతో పాటు అమ్ముకొస్తా" అంది అమ్మ. నా సేవ అందని నాలుగోది మాత్రం చిగురేసింది (నా పెంపకం మహిమ అనే అందరికీ చెప్పాను).

రెండేళ్లకు అది నా ఎత్తు దాటి, ఆకు కనబడకుండా పూసింది. ఒకనాటి మధ్యాహ్నం గాలికి వల ఎగిరి దానిమీద పడింది. విడదీయబోతే జానెడు చిరుగు. నాయన కత్తి తీసుకున్నాడు. నేను చెట్టుకు అడ్డంగా కూలబడి వల ఒళ్లోకి లాక్కున్నాను.

"అల్లుతానన్నానా లేదా? దారం ఇయ్యి."

"నీకు వచ్చునా?"

"రాకపోతే నేర్పు. చెట్టు మాత్రం నరకబాక."

నాయన కత్తి చూరులో దోపి, నా పక్కన కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా ముడులు నేర్పాడు. నేను వేసిన కన్నుల్లో ఒకటి ఇంకోదానిలా లేదు. మరునాడు వేట నుంచి వచ్చి, "పెద్ద చేపలన్నీ మా పిల్ల వదిలిన సందులోంచి దణ్ణం పెట్టి పోయినాయి" అని పక్కింటివాళ్లకు చెప్పాడు.

నేనే గెలిచానని ఊరంతా చెప్పుకు తిరిగాను. తర్వాత ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి గుంజలు పాత చోట లేవు, చెట్టుకు రెండు బారలు అవతల పాతి ఉన్నాయి. ఇసుకలో గుంజ నిలవాలంటే నడుంలోతు తవ్వాలి. నాయనే తవ్వాడు, నేను మాత్రం నా గెలుపు చెప్పుకోవడం మానలేదు. ఆ పొగరుమోతు పిల్ల ఇప్పుడు కనబడితే ఒక మొట్టికాయ వేసి, "గెలిచింది చాల్లే, పోయి మీ నాయనకు తాగను మంచినీళ్లియ్యి" అంటాను. నా మాట వింటుందన్న నమ్మకం మాత్రం నాకు లేదు.