ఇరవై రెండు డిగ్రీలు దాటితే

రాయచూరు దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్ట్ ఇంజనీరుగా పనిచేస్తున్న నన్ను, రిటైర్మెంటు దగ్గరపడ్డాక, ఒక ఏప్రిల్ మొదట్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగానికి మార్చారు. అక్కడ నా పై అధికారి రత్నం సార్. బాయిలరూ టర్బైనూ ఎంత వేడెక్కాయో కొలిచే సాధనాలన్నీ ఆయన చేతికింద ఉండేవి. మాది తెనాలి వైపు. ఆయన అచ్చమైన రాయచూరు మనిషి. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ, కోపం వస్తే ఉర్దూ.

మా పనిలో ట్రిప్ అని ఒక మాటుంది. బేరింగు వేడి హద్దు దాటితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. ఎవర్నీ అడగదు, ఎవరు చెప్పినా వినదు. ఆ రక్షణను కాసేపు పక్కన పెట్టాలంటే పై అధికారి సంతకం కావాలి. రత్నం సార్ అలాంటి సంతకం సర్వీసు మొత్తంలో ఒక్కటీ పెట్టలేదని ప్లాంటంతా చెప్పుకునేవారు. ఆ పేరంటే ఆయనకు గర్వం కూడా.

ఆ వేసవిలో సార్ తన క్వార్టర్సులో బీరు తయారుచేయడం మొదలుపెట్టారు. పది లీటర్ల స్టీలు పాత్ర, ఒక పాత ఫ్రిజ్జు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, పులియబెట్టే ఈస్టు. తాగుడు మీద మోజుతో కాదు, వాళ్ళన్న యోహాను గారి కోసం. ఆయన బంగారు గనిలో భూమి లోపల పనిచేసి, ఊపిరితిత్తులు పాడై, తమ్ముడి దగ్గరికి చేరారు. తండ్రి పోయాక సార్‌ని చదివించింది ఆయనే. చల్లటి బీరు ఒక గ్లాసు తాగాలనుందని అన్న నోరు తెరిచి అడిగితే, డాక్టరు ఒక్క గ్లాసుకు సరేనన్నాడు. బజారు సీసా వద్దు, నా చేత్తో చేసిస్తానని సార్ మాటిచ్చారు.

ఈస్టు పద్దెనిమిది, ఇరవై డిగ్రీల మధ్య నింపాదిగా పనిచేస్తే బీరు శుభ్రంగా వస్తుంది. వేడెక్కితే తొందరపడి అరటిపండు వాసన పుట్టిస్తుంది. రాయచూరు ఎండల సంగతి తెలిసిందే కదా. సార్ ఇరవై రెండును హద్దుగా పెట్టి, ఆ అంకెను ఫ్రిజ్జు తలుపు మీద అంటించారు.

సాయానికి నేనూ వెళ్ళేవాణ్ణి. మొదటిసారి, వేడిని కొలిచి ఫ్రిజ్జును నడిపే, ఆపే సెన్సరును లోపల గాలికి వేలాడదీశాం. గాలి చల్లగానే ఉంది. కానీ పులిసేటప్పుడు ఈస్టు తన వేడి తానే పుట్టించుకుంటుంది. తీరా చూస్తే పాత్ర లోపల ఇరవై ఆరు. సార్ రుచి చూడకుండానే పెరటి కాలవలో పారబోశారు. వరండాలో పడక్కుర్చీలో ఉన్న యోహాను గారికి వాసన తగిలింది.

"ఏందిరా, అరటిపండు వాసన గుమ్మంటున్నది. గిట్ల పారబోస్తివా? నాకియ్యకపోతివి."

"ఇది కాదన్నా. వచ్చేది మంచిగుంటది," అన్నారు సార్.

రెండోసారి సెన్సరును సన్నటి స్టీలు గొట్టంలో పెట్టి పాత్ర నడిమధ్యకు దించాం. ఈసారి ఫ్రిజ్జు ఆగాక కూడా లోపలి వేడి దిగుతూనే పోయి ఈస్టు పనిమానేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కాస్త వెచ్చబెడితే మళ్ళీ లేస్తుందన్నాను. సార్ వినలేదు, అదీ కాలవపాలే.

మూడోసారి ఫ్రిజ్జు ముందుగానే ఆగేలా సర్దాను. పులియడం పూర్తయ్యేదాకా వేడి హద్దు దాటలేదు. ఇంతలో మే నెల గాలివానకు కాలనీ లైను తెగింది. ఊళ్ళన్నిటికీ కరెంటు పంపే చోట మాకే లేదు; దీపం కింద చీకటంటే అదే. కరెంటు వచ్చేసరికి లోపల ఇరవై నాలుగు.

"పులియడం ఎప్పుడో అయిపోయింది కదండీ సార్. ఇప్పుడు కాస్త వేడెక్కితే ఏమవుద్ది? ఒక్క గుక్క చూడండి," అన్నాను.

"హద్దు దాటిందా, లేదా?"

"దాటింది సార్."

"ట్రిప్పంటె ట్రిప్పే. చెడింది తాపిస్తనా అన్నకు?"

వరండాలోంచి యోహాను గారు నవ్వబోయి దగ్గారు. "గనిల అంత ఉడుకుల నేనే చెడలే. నీ బీరు చెడుతదా?"

పాత్రను కాలవ దగ్గరికి మోయడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. ఆయన ఇల్లు, ఆయన అన్న, ఆయన పెట్టిన హద్దు.

వానలు పడి ఎండ తగ్గాక చేసిన నాలుగో బీరు మొదటినుంచి చివరిదాకా పంతొమ్మిది దగ్గరే నిలిచింది. సార్ అంత సంతోషంగా ఉండగా నేను ప్లాంటులో ఎప్పుడూ చూడలేదు. సీసాల్లో నింపి, నురగకు కావలసిన గ్యాసు పట్టేదాకా ఆగుతుండగా యోహాను గారికి ఊపిరాడకపోతే రాయచూరు ఆసుపత్రిలో చేర్చారు. తిరిగొచ్చేసరికి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. గ్లాసు పట్టే ఓపిక లేదు. సార్ చెంచాతో పోశారు. యోహాను గారు నోట్లో ఉంచుకుని, రుచి తెలుస్తుందేమోనని చాలాసేపు చూశారు.

"ఏం తెలుస్తలేదురా. నోరు చచ్చిపోయింది," అన్నారు. రెండో చెంచా వద్దని తల ఊపి, "ఆ అరటిపండుదే ఇయ్యకపోతివి. అప్పుడైతే తాగుతుంటి," అన్నారు.

ఆ వారం దాటకుండానే పోయారు. మిగిలిన సీసాల్లో ఒకటి సార్ నాకిచ్చారు. తను మాత్రం ముట్టలేదు. వంక పెట్టడానికి లేని బీరు. తాగుతుంటే కాలవలో పోయినవాటి మీదే మనసు పోయింది. ఇప్పటికీ ఆ బాధ తీరలేదు.

ప్లాంటులో ప్రతి ట్రిప్ హద్దు పక్కనా అది దేన్ని కాపాడటానికో రాసి ఉంటుంది: బేరింగు, షాఫ్టు, పక్కన నిలబడ్డ మనిషి. సార్ ఫ్రిజ్జు మీద ఇరవై రెండు అన్న అంకె ఒక్కటే ఉండేది. రిటైరయ్యేలోగా కొత్తగా చేరిన ఇంజనీర్లకు నేను పాఠం చెప్పినప్పుడల్లా, హద్దు ఎంత అని అడగడానికి ముందు, ఎవరి కోసం అని అడిగేవాణ్ణి.